చచ్చిందనుకున్న సాలెపురుగు

మా ఆయన నెవిల్ బూట్లు దులపకుండా కాలు పెట్టడు. సిడ్నీకి ఉత్తరాన, అడవిని ఆనుకున్న ఈ కొండవాలులో ఎవరమూ పెట్టం. నేలలో గరాటులాంటి గూడు అల్లుకునే నల్ల సాలెపురుగు మాకు ఇరుగుపొరుగు. అందులోనూ మగది మహా చెడ్డది. వాన వెలిసిందంటే చాలు, ఆడదాన్ని వెతుక్కుంటూ బయలుదేరి బూట్లలో, తువ్వాళ్లలో దూరుతుంది. అది కుడితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. మనవలకు నడక రాకముందే నెవిల్ వాళ్లకు ఈ పాఠం మొదలుపెట్టాడు. ఇంతా చేసి తనే, మా పెరట్లోని ఈతకొలను దగ్గర బోల్తాపడ్డాడు.

ఆ పొద్దున అది నీళ్ల అడుగున కాళ్లు ముడుచుకుని పడి ఉంది. ఆకులు తీసే వల గోడకు ఆనించే ఉంది. తీసుకోవచ్చు కదా? తీసుకోడు. మోకాళ్ల మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“ఏయ్, చేత్తో ముట్టుకోకు!” వంటింటి కిటికీలోంచి అరిచాను.

“నీ బొంద! ఎప్పుడు పడిందో ఏమో, నాని ఉబ్బిపోయుంటుంది. దీనికింకా ప్రాణం ఉంటుందా?”

ఉంటుంది. ఒంటిమీది నూగుకు గాలిబుడగ పట్టుకుని నీళ్లలో గంటల తరబడి బతుకుతుంది. ఆ సంగతి మా ఆయనకూ తెలుసు. అయినా అది అంత బుద్ధిగా పడి ఉండేసరికి నమ్మేసి, నీళ్లలో చెయ్యి పెట్టాడు.

ఆయన కేక విని పక్కింటి బెవ్ పరిగెత్తుకొచ్చింది. నెవిల్ చెయ్యి విదిలిస్తున్నాడు, అది వేలిని వదలడం లేదు. చివరికి గచ్చు మీద పడి, ముందుకాళ్లు పైకెత్తి మా మీదికే లేచింది. బెవ్ దాని మీద ఖాళీ జామ్ సీసా బోర్లించింది. నేను దుప్పటి పరపరా చించి, వేళ్ల దగ్గర్నుంచి భుజం దాకా బిగించి చుట్టాను. చెయ్యి కదలకుండా చెక్క గరిటె కట్టాను.

“కదిలావంటే నేనే చంపుతాను,” అన్నాను.

“రోండా, నా పెదవులు జివ్వుమంటున్నాయే,” అన్నాడు. అంతకుముందు ఎన్నడూ ఆయన గొంతు అంత చిన్నగా వినలేదు.

అంబులెన్సు ఆసుపత్రి చేరేసరికి ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ. చర్మం కింద కండలు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. నేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పొద్దున ఆయన మీద అరిచిన అరుపే ఆఖరి మాట అవుతుందేమోనని భయం వేసింది. ఈ మనిషి లేని ఇల్లు నాకు వద్దు. దేవుణ్ణి అడిగానో డాక్టరును అడిగానో గుర్తులేదు గానీ, పైకే అడిగాను.

మందు ఎక్కించారు. చాలక మళ్లీ ఎక్కించారు. మెల్లమెల్లగా కండలు సర్దుకున్నాయి. నెవిల్ కళ్లు తెరిచి నన్ను చూశాడు.

“నా టీ చల్లారిపోయుంటుంది.”

“నీ టీ తగలెయ్య!” అని భోరున ఏడ్చాను.

నర్సు చేతులు పట్టుకుని వదల్లేదు నేను. ఆమె నవ్వింది.

“నాకెందుకమ్మా దండాలు? ఈ మందు చెయ్యాలంటే దాని విషమే కావాలి. ఎవరెవరో భయపడుతూనే సీసాల్లో పట్టి తెచ్చిస్తున్నారు కాబట్టి ఇక్కడ మందుంది.”

ఇంటికొచ్చాక చూస్తే సీసాలో తడిమట్టి వేసి, మూతకు చిల్లులు పొడిచి ఉంచింది బెవ్. లోపల అది నిక్షేపంలా ఉంది. నేను చెప్పు తీశాను.

“ఆగవే తల్లీ! అది బతికుంటేనే మందు,” అన్నాడు నెవిల్.

సాలెపురుగులు తీసుకునే చోటికి మర్నాడే బయలుదేరాం. మా ముందు గడ్డం, చేతుల నిండా పచ్చబొట్లు, కొండంత మనిషి ఒకడు నిలబడ్డాడు. పైపుల పని చేసే అతను. సాలెపురుగున్న సీసాను ఒంటికి దూరంగా, రెండు చేతులా పట్టుకున్నాడు.

“మీకు కూడా భయమేనా?” అన్నాను.

“బాబోయ్, నవ్వకండి! దారి పొడవునా పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టి తెచ్చాను. చిన్నప్పట్నుంచీ వీటి పేరు చెబితేనే నాకు చెమటలు.”

“మరి కాలితో నలిపేస్తే పోయేదిగా?”

“పోయేదే. కానీ ఎవరికో అవసరం పడుతుందట కదండీ.”

మమ్మల్ని బతికించిన సీసా ఎవరు తెచ్చారో ఎప్పటికీ తెలియదు. అతని మోచెయ్యి పట్టుకున్నాను. నెవిల్ కట్టు కట్టిన చేతిని పైకెత్తి అతనికి చూపించాడు.

“ఆ ఎవరో నేనే, నాయనా,” అన్నాడు.