నా మాట విన్నవాళ్ళు

ఏటికి వరద ఎర్రనీరు వచ్చేసింది కదా, ఇంక పడవ ఎక్కడా ఆగదు, కపిలేశ్వరపురం రేవులో ఎక్కినప్పటి నుంచి అడుగు ఒక్కసారైనా ఇసుకకి తగల్లేదు, ఆ రోజు మాత్రం ఏటి మధ్య మేట మీద కూర్చుండిపోయింది, ఈ నీళ్ళన్నీ ఆ రోజు ఎక్కడున్నాయో, ఎగువన వాన కాస్త ముందు పడి ఉంటే శివనాగరాజు గారు ఇప్పుడు బెండతోటలో ఉండేవారు, నన్ను చూసి ఆయ్ జాయమ్మా, మళ్ళీ పాముల పాఠమేనా అని నవ్వేవారు, పడవ నడిపే బుల్లిరాజు గారు నా వైపు చూడటం లేదు, ఎప్పుడూ ఏమ్మా టిఫిను తిన్నావా అని అడిగే మనిషి ఇవాళ నీళ్ళకేసి చూస్తూ, మళ్ళీ ఎందుకమ్మా, మీ మేడంగారు వేరే ఊరు ఇస్తానన్నారంట కదా అన్నారు, అన్నారండి అన్నాను.

విజయదుర్గ మేడం నిజంగానే అన్నారు, మా ఇంటర్నులందరినీ చూసుకునేది ఆవిడే, నీ తప్పేం లేదు జాయ్, మేం చెప్పింది చెప్పినట్టే చేశావు, కానీ ఏటి మధ్య ఆ లంకలో ఇంక నీ మాట ఎవరూ వినరు, సఖినేటిపల్లి వైపు వెళ్ళు, అక్కడ బాలింతల పని ఉంది అన్నారు, డిగ్రీ అయ్యాక ఊళ్ళల్లో ఆరోగ్యం పాఠాలు చెప్పే ఈ ఇంటర్న్‌షిప్‌లో చేరినప్పుడు ఈవిడే కదా మీరంతా రేపటి నాయకులు అని మాతో చప్పట్లు కొట్టించింది, గొంతు ఎలా పెంచాలి, కళ్ళలోకి ఎలా చూడాలి, వినని మనిషిని ఎలా ఒప్పించాలి అన్నీ నేర్పింది, లంకలకి ఎవరూ వెళ్ళనంటే నేను చెయ్యి ఎత్తాను, ఎందుకు ఎత్తాను, మా అమ్మ చిన్నప్పుడు ఇలాంటి లంకలోనే కూలికి వచ్చేది, గడ్డి కోస్తుంటే పక్కన కోస్తున్న ఆమెని పాము కరిచిందట, మంత్రం వేయించారట, తెల్లారేసరికి పోయిందట, అమ్మ ఆ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ కాళ్ళు మంచం మీదకి తీసుకుంటుంది, ఆ కాళ్ళ కోసమే చెయ్యి ఎత్తానేమో.

పాము కరిస్తే నడిపించకండి, కాటు దగ్గర కోయకండి, మంత్రానికి వెళ్ళకండి, ఆస్పత్రికే తీసుకెళ్ళండి, ఇంటింటికీ ఇదే పాట, అందరూ తల ఊపారు, నమ్మింది మాత్రం లక్ష్మీతులసి గారొక్కరే, అందుకే ఆ సాయంత్రం భర్త శివనాగరాజు గారిని తోటలో నాగుపాము కాటేస్తే, అరుగు మీద కూర్చుని పిల్లలకి చేతులు కడుక్కోవడం నేర్పిస్తున్న నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, పాపా నువ్వు చెప్పు, ఏం చెయ్యమంటావు, మంత్రం వేసే తాత ఇల్లు అక్కడే, రెండు తోటల అవతల, శివనాగరాజు గారి బావగారు ఆయన్ని అటు లాగుతున్నాడు, నేను గొంతు పెంచాను, నేర్పినట్టే కళ్ళలోకి చూశాను, ఆస్పత్రికే అన్నాను, ఆమె బావగారి చెయ్యి విదిలించి మా ఆయన్ని పడవెక్కించండి అంది, కాలికి చెక్క కట్టి పక్కకి పడుకోబెట్టాం, ఆయన ముందు బాగానే మాట్లాడేరు, పడవ మేట మీద ఆగాక అందరూ దిగి నీళ్ళలో నిలబడి తోస్తుంటే రెప్పలు వాలిపోతున్నాయమ్మా, నిద్దరొస్తందేంటి అన్నారు, నిద్దరపోకండి బాబాయిగారూ, మాట్లాడండి, మాట్లాడండి అంటున్నాను, ఆ తర్వాత నాలుక తిరగలేదు, పడవ కదిలింది, కానీ ఆలస్యంగా కదిలింది, ఆస్పత్రిలో మందు ఎక్కించారు, గాలి గొట్టం వేశారు, కొంచెం ముందు తెచ్చి ఉంటేనా అన్నాడు డాక్టరు, నా పక్కనే నిలబడ్డ లక్ష్మీతులసి గారు నా వైపు చూసింది, ఆ చూపు నేను ఇంటికి తెచ్చుకున్నాను, అన్నం ముందు కూర్చున్నా చర్చిలో మోకరించినా అదే.

ఇప్పుడు లంకంతా ఒకటే మాట, ఆ పిల్ల మాట విని మొగుణ్ణి ఏట్లో చంపుకుంది, పోయిన వారం ఎవరి అమ్మాయినో ఏదో పాము కరిస్తే తాత దగ్గరికి తీసుకెళ్ళారట, బతికిందట, చూశారా అన్నారట, అది విషం లేని పామై ఉంటుంది, లేకపోతే కాటు సరిగా పడలేదేమో, అది ఎవరికి చెప్పను, చెప్పినా నా నోటితో చెబితే ఎవరు వింటారు, రేపు మళ్ళీ నాగు కాటేస్తే నేరుగా అక్కడికే పోతారు, మంత్రం చదువుతుండగానే రెప్పలు వాలిపోతాయి, నాకు తెలుసు, నాకు తెలిసి ఏం లాభం.

పడవ ఒడ్డుకి తగిలింది, బుల్లిరాజు గారు జాగ్రత్తమ్మా అని మాత్రం అన్నారు, రేవు దగ్గర బట్టలు ఉతికే ఆడవాళ్ళు మాటలు ఆపేశారు, నేను తల దించుకుని నడుస్తున్నాను, నాయకులు తల ఎత్తి నడవాలన్నారు కదా, ఎత్తలేకపోతున్నాను, బెండతోటలో లక్ష్మీతులసి గారు కాయలు కోస్తోంది, వట్టి కాళ్ళతోనే, అదే తోటలో, పిన్నిగారూ అన్నాను, ఆమె వెనక్కి తిరగలేదు, కోస్తూనే, వచ్చేవా అంది, వచ్చేనండి, ఎందుకొచ్చేవు, తెలీదండి, మిమ్మల్ని చూడాలని, కోసే చెయ్యి ఆగింది, ఇన్నాళ్ళూ రాలేదేం అంది, నేను ఏడవకూడదనుకున్నాను, ఏడిచాను, ఆమె ఏడవలేదు, చూడు పాపా, నీ మాట ఇన్నాను, ఇనకుండా మంత్రానికి పోయుంటే ఆ తాతని తిట్టుకునేదాన్ని, ఇప్పుడు నిన్ను తిట్టుకుంటన్నాను, రోజూ తిడతన్నాను, నీది తప్పు కాదని నాకు తెల్సు, అయినా ఎవర్నో ఒకర్ని తిట్టుకోపోతే నాకు ముద్ద దిగట్లేదు, అంది, అని మళ్ళీ కోయడం మొదలెట్టింది, నేను వెళ్ళిపోవాలేమో, వెళ్ళలేదు, తిట్టండి పిన్నిగారూ అన్నాను, అప్పుడు నిజంగానే తిట్టింది, చదువుకున్నానన్న పొగరు అంది, నీకు మొగుడు పోతే తెలిసేది అంది, మా ఆయన ప్రాణం నీ పాఠానికి సరిపోయింది అంది, పక్క తోటల్లో వాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు, నేను కదల్లేదు, నాయకత్వమంటే నా మాట నలుగురూ వినడం అనుకున్నాను ఇన్నాళ్ళూ, చప్పట్లు కొట్టినప్పుడూ అదే అనుకున్నాను, కాదు, నా మాట విన్న మనిషికి నష్టం వచ్చినప్పుడు ఆ మనిషి తిట్టుకోవడానికి ఎదురుగా ఉండటమే నాయకత్వం, ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది, నేను కళ్ళు తుడుచుకుని, పక్క తోటవాళ్ళకి కూడా వినపడేలా, పాము కరిస్తే ఆస్పత్రికే పిన్నిగారూ, ఇప్పటికీ అదే చెబుతాను అన్నాను, అనేసి మిగతా తిట్లు వినడానికి అక్కడే నిలబడ్డాను.