బూటులో చోటు

స్కీ బూట్లు కొనడానికి వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మంది అబద్ధాలకోరులని బుర్గి నమ్మకం. కాలి సైజు గురించి ఒక అబద్ధం, ఒంటి బరువు గురించి ఇంకొకటి, మంచు మీద తమ ప్రతాపం గురించి మరీ పెద్దది. అందుకే ఆమె ఎవరి మాటా చెవిన పెట్టదు. మేజోడు విప్పించి, పాదం ఒళ్ళో పెట్టుకుని, బొటనవేళ్ళతో నొక్కి చూస్తుంది. కాలు మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుందంటుంది.

ఆస్ట్రియాలోని ఆ టిరోల్ లోయలో ఆమె కొట్టుకు మంచి పేరుంది. వేరేచోట కొన్న బూట్లతో కుంటుకుంటూ వచ్చినవాళ్ళు ఇక్కడినుంచి నవ్వుతూ వెళతారు. నొప్పి అనగానే పెద్ద సైజు అంటగట్టే కొట్లవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. వదులు బూటులో కాలు ముందుకు జారుతుంది, వేళ్ళు కొసకు కొట్టుకుంటాయి, గోళ్ళు నల్లబడతాయి. పాపం ఆ మనిషేమో ఇది కూడా చిన్నదే కాబోలనుకుని ఇంకా పెద్దది కొంటాడు. బుర్గి సరైన సైజు తొడిగించి, ఎముక ఒత్తుకునే చోట మాత్రం బయటి ప్లాస్టిక్ పెంకును వేడిచేసి కాస్త ఉబ్బిస్తుంది. బాధ తీరిపోతుంది.

తొలి మంచు పడకముందు ఇంట్లోవాళ్ళ బూట్లు సరిచేశాకే బయటివాళ్ళ పని ముట్టుకోవడం వాళ్ళ వంశంలో ఆనవాయితీ. ఆమె తండ్రీ అలాగే చేసేవాడు. బుర్గి ఇంట్లో స్కీ కాళ్ళంటే భర్త ఆల్బన్‌వే. అతను ఊరి స్కీ బడిలో చిన్నపిల్లలకూ, అప్పుడప్పుడు పెద్దవాళ్ళకూ నేర్పుతాడు. కొన్నేళ్ళుగా ఆల్బన్ ప్రతి నవంబరులోనూ వచ్చి బూటు బిగుసుకుపోయిందని సణుగుతున్నాడు. ఆమె ప్రతిసారీ ప్లాస్టిక్‌ను తిట్టుకుంటూ మళ్ళీ ఉబ్బిస్తోంది. ఉబ్బించిన పెంకు మెల్లగా పాత ఆకారానికి ముడుచుకుపోవడం ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతే. బూటుది తప్పయినప్పుడు కాలిని ఎవరు అనుమానిస్తారు?

ఈ ఏడు పాతవాటి బకిళ్ళు విరిగిపోతే కొత్తవి తెప్పించింది. ఎప్పటి సైజే. కొలవలేదు. మొగుడి కాలిని కూడా కొలవాలా అనుకుంది.

ఆ ఉదయం కొట్టులో బెంచీ మీద ఒక పెద్దావిడ తన వంతు కోసం కూర్చుని ఉంది. ఆల్బన్ ఆవిడ పక్కనే కూలబడి కొత్త బూటులో కాలు దూర్చబోయాడు. దూరలేదు. లేచి నిలబడి తొక్కాడు, పళ్ళు బిగించి లాగాడు.

"కొత్త అల్లుడు కూడా ఇంత బెట్టు చెయ్యడే," అన్నాడు. "ఏం బూటు తెచ్చావే బాబూ!"

"నీ పొట్ట పెరిగినట్టే కాలూ కొవ్వెక్కుంటుంది. కూర్చో, చూస్తాను," అంది బుర్గి.

లోపలి మెత్తటి తొడుగు బయటికి లాగేసి, ఉత్త పెంకులో కాలు పెట్టమంది. సరైన బూటయితే కాలివేళ్ళు ముందు కొసకు తగిలినప్పుడు మడమ వెనక రెండు చేతివేళ్ళు పట్టేంత ఖాళీ ఉండాలి. ఆమె వేలు పెట్టబోయింది. గోరు కూడా పట్టలేదు.

ఫ్యాక్టరీవాళ్ళు తప్పు సైజు ముద్రవేసి పంపారని నాలుగు తిట్లు తిట్టి, లోపల్నుంచి అదే సైజుది ఇంకో జత తెచ్చింది. అదీ అంతే. అప్పుడు కొలబద్ద తీసింది. రెండు సైజులు ఎక్కువ చూపించింది. కొలబద్దను చేతిగుడ్డతో తుడిచి మళ్ళీ కొలిచింది. రెండో కాలూ కొలిచింది. వయసు మీదపడితే అరికాలి వంపు కుంగి పాదం కొద్దిగా సాగుతుంది, అది ఆమెకు తెలుసు. కానీ ఇక్కడ మడమ కూడా లావెక్కింది. వంపు కుంగితే మడమ ఎందుకు లావెక్కుతుంది?

ఇంతలో పెద్దావిడ గొంతు సవరించుకుంది. పేరు హెడ్విగ్, ఊరు వియన్నా. ఒకప్పుడు ఏటా చలికాలం ఇక్కడికి వచ్చేది. భర్త మంచం పట్టడంతో తొమ్మిదేళ్ళు రాలేకపోయింది.

"అమ్మాయ్, ఆల్బన్ ఇప్పుడు ఇక్కడ నేర్పట్లేదా?" అని అడిగింది. "నాకు స్కీయింగ్ నేర్పింది అతనే. మళ్ళీ అతని దగ్గరే మొదలుపెడదామని వచ్చాను."

ఆల్బన్ పగలబడి నవ్వాడు. "బాగుందండీ హెడ్విగ్ గారూ! పక్కన కూర్చోబెట్టుకునే ఆటపట్టిస్తారా?"

ఆవిడ అతని వైపు తిరిగింది. చూసింది. ఇంకా చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు రాలేదు సరికదా, ఉన్న రంగు కూడా పోయింది.

"నువ్వా?" అంది. "అతని అన్నయ్యవేమో అనుకున్నాను నాయనా. గొంతు కూడా అప్పటిది కాదు."

ఆల్బన్ నవ్వు మధ్యలో ఆగింది. ఆవిడ బుర్గి చెయ్యి పట్టుకుని, తాను వేళాకోళమాడలేదనీ, ఆ ముఖాన్ని మరిచిపోయే దాన్ని కాననీ, మంచులో కూరుకుపోయిన తనను ఎన్నోసార్లు చెయ్యిచ్చి లేపిన మనిషి అతననీ గబగబా చెప్పుకొచ్చింది. చెబుతున్నకొద్దీ మాట తడబడింది. తర్వాత వస్తానని కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

బుర్గి నేలమీద మోకాళ్ళపై కూర్చుని మొగుణ్ణి చూసింది. రోజూ పొద్దున కాఫీ పోసిస్తూ చూసే ముఖమే. దవడ ముందుకు వచ్చింది. పళ్ళ మధ్య సందులు పడ్డాయి. కనుబొమల దగ్గర ఎముక గట్టులా పొడుచుకొచ్చింది. ఇవన్నీ ఎప్పుడు వచ్చాయి? దీపం కిందే చీకటంటారు, ఆమె ఇన్నాళ్ళూ ఆ చీకట్లోనే కాపురం చేసింది. పెళ్ళి ఉంగరం ఊడి రాకపోతే కంసాలి చేత కోయించారు, చలికి వేళ్ళు వాచాయనుకున్నారు. హెల్మెట్ పట్టకపోతే లోపలి స్పాంజి ఉబ్బిందనుకున్నారు. తలనొప్పులు వస్తే దక్షిణం నుంచి కొండ దిగివచ్చే వేడిగాలిది తప్పన్నారు. ఆ లోయలో ఏ తలనొప్పికైనా ఆ గాలే కారణం, ఇంకో కారణం ఎవరూ వెతకరు.

మొన్న మార్చిలో జరిగింది కూడా గుర్తొచ్చింది. స్కీ బడిలో ఒక పాప ఆల్బన్ పక్కగా దిగుతుంటే అతను వెళ్ళి గుద్దేశాడు. పాప చెయ్యి విరిగింది. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలీదని రాత్రంతా బాధపడ్డాడు.

బుర్గి లేచి అతని ఎదురుగా నిలబడింది. "నా ముక్కు వైపే చూడు. కళ్ళు తిప్పకు," అంది. రెండు చేతులూ చాచి, అతని చెవులకు కాస్త ముందుగా, రెండువైపులా వేళ్ళు ఆడించింది. "ఎన్ని వేళ్ళు?"

"ఏ వేళ్ళు?" అన్నాడు ఆల్బన్.

ఆమె చేతులు గాల్లోనే ఉండిపోయాయి. వేళ్ళు ఆడిస్తూనే మెల్లగా తనవైపు తెచ్చింది. దాదాపు తన ముఖం దగ్గరికి వచ్చాక గానీ అతను కనబడుతున్నాయనలేదు.

ఆల్బన్‌కు కోపం వచ్చింది. భయం వేసినప్పుడు అతనికి కోపమే వస్తుంది. శనివారం బడి మొదలవుతుందనీ, పిల్లలు ఎదురుచూస్తుంటారనీ, ఈ గారడీలన్నీ తర్వాత చేసుకోవచ్చనీ అన్నాడు. బూటు ఆమె చేతిలో పెట్టాడు.

"ఎప్పుడూ చేసేదేగా. కాస్త ఉబ్బించి ఇవ్వు."

"ఉబ్బించను."

"నువ్వు కాకపోతే కింది ఊళ్ళో చేయించుకుంటాను."

"చేయించుకో," అంది బుర్గి. "తొడుక్కుని శనివారం కొండెక్కు. నీకు అటూ ఇటూ పిల్లలుంటారు. ఈసారి ఎవరి చెయ్యి విరగ్గొడతావు?"

అతను కిటికీలోంచి కొండను చూశాడు. తర్వాత పాత చెప్పులు తొడుక్కుని, కారు తాళాలు తీసి ఆమెకిచ్చాడు. ఆ లోయ రోడ్డు మీద వేరేవాళ్ళ చేతికి స్టీరింగు ఇవ్వడం అతను అంతకుముందు ఎరగడు.

ఇన్స్‌బ్రుక్ పెద్దాసుపత్రిలో రక్తం తీశారు, తలకు ఫోటోలు తీశారు. డాక్టరమ్మ ఇద్దరినీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది. మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథిలో గడ్డ ఉంది. క్యాన్సర్ కాదు. కానీ ఏళ్ళ తరబడి ఎముకల్ని పెంచుతూ వచ్చింది, ఇప్పుడు కంటి నరాల మీద ఒత్తుతోంది, అందుకే పక్కలున్నవి కనబడటం లేదు. త్వరగా ఆపరేషన్ చెయ్యాలి. ఎముకల పెరుగుదల ఆగుతుంది, పెరిగినవి మాత్రం తగ్గవు. చూపు ఎంత వెనక్కి వస్తుందో ముందే చెప్పలేమంది. ఇంకో రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే చెప్పగలిగేవాళ్ళమంది.

"మామూలుగా చెప్పులు, బూట్లు బిగుతు కావడంతోనే బయటపడుతుందండీ ఇది," అంది ఆవిడ, కాగితాలు సర్దుకుంటూ. "మీకు అలాంటిదేమీ అనిపించలేదా?"

"అనిపించింది," అంది బుర్గి. "ప్రతి ఏడూ బిగుతయ్యాయి. నేనే ప్రతి ఏడూ దానికి చోటు చేసి పెట్టాను."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. ఆల్బన్ ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తూ, తెల్లబోయిన ముఖంతో, కుర్చీ చేతిని పట్టుకుని కూర్చున్నాడు.

"బుర్గీ," అన్నాడు కాసేపటికి. "ఎక్కడికెళ్ళావు?"

ఆమె అతని పక్క కుర్చీలోనే ఉంది, మోచేతులు తగిలేంత దగ్గర్లో. లేచి, కుర్చీ ఎత్తి తెచ్చి, అతనికి ఎదురుగా వేసుకుని కూర్చుంది.