స్టాండు లేని సైకిల్

చందర్ కొన్న సైకిలుకు పదమూడు వేలయ్యాయి. దానికి మడ్‌గార్డు లేదు, క్యారియరు లేదు, బెల్లు లేదు, స్టాండు కూడా లేదు. గేర్లు మాత్రం ఇరవై ఒకటి. టేకులపల్లి అడవి పక్కనుంచి గనికి పోయే దారిలో వాటితో పనిపడేంత ఎత్తే లేదని వెంకటనారాయణ అభిప్రాయం.

వెంకటనారాయణ చందర్ భార్య సారక్కకు అన్న. బావాబామ్మర్దులు ఒకే బొగ్గుగనిలో, ఒకే షిఫ్టులో పనిచేస్తారు. వెంకటనారాయణ తన పాత సైకిలు మీద కట్టెలు మోశాడు, సిమెంటు బస్తాలు మోశాడు, నొప్పులు పడుతున్న భార్యను దవాఖానాకు చేర్చాడు.

"గంత పైసలు వెడితివి, ఒక్క సంచి వెట్టే జాగ లేదేంది?"

"ఇది సంచులకు కాదు బావా, స్పీడుకు."

"గని ఏడికన్న ఉరుకుతున్నదా?"

స్పీడుతో చందర్‌కు పనుంది. నిండితే గాని కదలని షేర్ ఆటోను నమ్ముకుని ఏడాదంతా హాజరు పోగొట్టుకున్నాడు. ఈ నెల ఒక్క మస్టరు తప్పినా కొలువు పోతుందని మేనేజరు మొహం మీదే చెప్పాడు. ఇంటి రేకుల కోసం సారక్క కట్టిన చిట్టీ డబ్బు అట్లా ఖమ్మం సైకిళ్ల దుకాణానికి చేరింది. సారక్క ఒక్క మాటే అంది.

"వానొస్తే సైకిల్ కింద పండుకుందం."

సోమవారం చందర్ అందరికంటే ముందే గని చేరాడు. వెంకటనారాయణ వచ్చేసరికి సైకిళ్ల షెడ్డులో హ్యాండిల్ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

ఆ షెడ్డులో ఎవరూ తాళం వెయ్యరు. సైకిళ్లను ఒకదానికొకటి ఆనించి పోతారు. వెనకొచ్చినవాడు ముందున్నవాటిని కాలితో జరిపి తనది దూరుస్తాడు.

"గోడకానిస్తే గీతలు వడతయ్ బావా. పండవెడితే గేర్లు వంగుతయట. లాంపు రూములో పెట్టనియ్యమంటే నవ్విన్రు."

"నాదానికి ఆనియ్యి."

చందర్ తుప్పు పట్టిన పెడల్ వైపు చూశాడు. "నీ పెడల్ గీరుకుంటది."

"అయితే చంకల వెట్టుకొని గనిల దిగు."

వెంకటనారాయణ వెళ్లి హాజరు కిటికీ దగ్గర మస్టరు వేయించుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే చందర్ తువ్వాలును సైకిలు గొట్టానికి చుడుతున్నాడు. సైరన్ మోగింది. చందర్ ఉరికొచ్చాడు, సైకిలును నడిపించుకుంటూ. కిటికీ మూసుకుంది.

"రేపు మేనేజర్ సార్‌ను కలువు," అన్నాడు లోపలి గుమస్తా.

షిఫ్టు దిగి వెంకటనారాయణ పైకొచ్చేసరికి చందర్ షెడ్డులోనే కూర్చుని ఉన్నాడు. సైకిలు అతని భుజానికి ఆని ఉంది.

"ఇంటికి పోలే?"

"జల్ది పోతే మీ చెల్లె అడగదా?"

వెంకటనారాయణ వంగి సైకిలు చుట్టూ చూశాడు. ఎక్కడా గీత లేదు.

"మంచి డ్యూటీ దొరికింది. కావలి డ్యూటీ. జీతం గిది ఇస్తదేమో అడుగు."

మూడు సైకిళ్ల కిందనుంచి తనది లాగాడు. వంగిన మడ్‌గార్డును చేత్తో సరిచేసి, అన్నం గిన్నె క్యారియరుకు కట్టాడు.

"బావా," అన్నాడు చందర్. "మీ చెల్లెకు నువ్వే చెప్పరాదు?"

వెంకటనారాయణ సైకిలెక్కాడు.

"నాది నిమ్మలంగ పోతది. నీది స్పీడు గద, నువ్వే ముందు వోయి చెప్పు."