రాళ్ళకు పుట్టిన గింజలు

మా చెల్లెలు నాతో మాట్లాడటం మానేసింది. ఆస్తి గొడవ కాదు, మొగుళ్ళ గొడవ కాదు, రాజ్మా గింజల గొడవ. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నా పొలంలో పండే తెల్ల రాజ్మా గురించి నేను గొప్పలు చెప్పుకోను, తిన్నవాళ్ళే చెబుతారు. రాత్రి నానబెట్టి పొద్దున పొయ్యి మీద పెడితే ఇల్లు ఊడ్చేలోగా వెన్నలా మెత్తబడతాయి. వాటిలోంచి ఏరి ఏరి చెల్లెలికి విత్తనం ఇచ్చాను. దానికి బస్సు డిపో పక్కన క్యాంటీన్ ఉంది, గుట్ట వాలున చిన్న చేనుంది. సొంతంగా పండించుకుని వండుకుంటుందని నా ఆశ.

పండాయి. చూడటానికి బాగానే ఉన్నాయి. వండితేనే ఉడకలేదు. గ్యాస్ బండ అయిపోయింది గానీ గింజ మెత్తబడలేదు. ఒక కండక్టర్ పళ్ళెం వెనక్కి తోసి, "ఇవి గింజలా, రోడ్డుకేసే కంకరా?" అన్నాడట, డ్రైవర్లందరి ముందు. చెల్లెలు ఆ పళ్ళెం అలాగే పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"విత్తొకటేస్తే చెట్టొకటి మొలుస్తుందా? మంచివి నువ్వుంచుకుని, పనికిరానివి నాకంటగట్టావు," అంది.

తోడబుట్టినదాన్ని పట్టుకుని ఆ మాట అనొచ్చా? నేనూ ఊరుకోలేదు. "వండటం చేతకాక విత్తనాన్ని తిడతావేంటే?" అన్నాను. క్యాంటీన్ నడిపేదాన్ని అనకూడని మాటే. అంతే, ఆరోజు నుంచి నేను దానికి అక్కని కాదు, "ఆవిడ"ని. ఫోన్ చేస్తే మరిదిగారి చేతికిచ్చేస్తుంది. "ఆవిడకేం కావాలో అడగండి" అని పక్కనుంచి వినిపిస్తుంది. లేచిన దగ్గర్నుంచి ప్రతి పిచ్చి సంగతీ దానికి చెప్పుకుంటేనే నాకు తెల్లారినట్టుండేది. అది లేక ఎన్నిసార్లు ఏడ్చానో మా ఆయనకు తెలుసు.

ఏడ్చి లాభమేమిటి? మరిదిగారిని బతిమాలి, వాళ్ళ చేలో పండిన ఆ రాళ్ళే గుప్పెడు తెప్పించి, నా పొలంలో కాలువ పక్కన ఒక సాలు పెట్టాను. మా ఆయన చూసి, "మీ చెల్లెలి దగ్గర నీ పప్పులుడకవు, ఊరికే నడుం నొప్పి," అన్నారు. ఆయన వెటకారం నాకు కొత్తా? విననట్టే మట్టి కప్పాను.

కాయలు ఎండాక ఒలిచి వండి చూద్దును కదా, వేలితో నొక్కితే నలిగిపోయాయి. విత్తనంలో దోషం లేదు, తేలిపోయింది. మరి దోషం ఎక్కడ? చెల్లెలు క్యాంటీన్‌లో ఉండే వేళ చూసి దాని చేనుకు వెళ్ళాను. పంతం కొద్దీ మళ్ళీ అవే గింజలు వేసింది మహాతల్లి. మట్టి గడ్డ చిదిమితే చేతికి సున్నంలా తెల్లగా అంటింది. గుట్ట మీంచి వడగాలి. కాయల్లో గింజ నిండకముందే తీగలు మాడిపోతున్నాయి. కాలువ నీళ్ళు తాగి పెరిగిన నా సుకుమారాలు ఇక్కడ మెత్తగా ఎలా పండుతాయి?

కంచె మీద మాత్రం వేరే తీగ పాకి ఉంది. చెల్లెలి అత్తగారి కాలం నాటి చిన్న ఎర్ర గింజలు. ఎవరూ పట్టించుకోకపోయినా కాయకాయా నిండుగా ఉంది. ఎండిన కాయలు కొంగు నిండా కోసుకొచ్చాను. దొంగతనమే, అయితే ఏం, చెల్లెలి చేనే కదా. అవి తొక్క చెదరకుండా ఉడికాయి, కాస్త తియ్యగా కూడా ఉన్నాయి.

రెండు గిన్నెలు సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. "నా విత్తనం బంగారం, నీదే పాడు నేల" అనే మాటను దారి పొడవునా నూరుకుంటూనే ఉన్నాను. నేను వెళ్ళేసరికి క్యాంటీన్‌లో రద్దీ తగ్గింది. మరిదిగారు బల్లలు తుడుస్తున్నారు. చెల్లెలు నన్ను చూసి, కడిగిన గరిటెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

"నీ రాళ్ళకి పుట్టినవి ఇవి, నా పొలంలో," అని తెల్లవాటి మూత తీశాను.

తెల్లవి తిన్నది. ఎర్రవి తిన్నది. ఇంకో గరిటెడు వేసుకుంది.

"ఈ ఎర్రవి ఎక్కడివో ఆవిడని అడగండి," అంది మొగుడితో.

"మీ కంచె మీదవే," అన్నాను, ఆయన నోరు తెరిచేలోగా.

దాని మొహం చిన్నబోయింది. "అయితే నాది పాడు నేలంటావా?" అంది, సూటిగా నన్నే చూసి.

బస్సులో నూరుకున్న మాట నాలుక చివరే ఉంది. దాని కళ్ళలో నీళ్ళు చూశాక అనబుద్ధి కాలేదు. "పాడు నేలైతే ఎర్రవి ఇలా పండుతాయా? నా పొలంలో వేస్తే ఆ తడికి కుళ్ళిపోతాయి. నాకు పండాయి కదా అని, నీ చేను చూడకుండా నీకిచ్చాను," అన్నాను.

అది ఇంకొంచెం తిన్నది. నెమ్మదిగా నమిలింది.

"ఉప్పేయడం మాత్రం నీకు ఈ జన్మకి రాదక్కా," అంది.

మామూలుగా అయితే ఆ మాటకి ఇంతెత్తున లేచేదాన్ని. "రాదు. నువ్వే వెయ్యి," అని గిన్నె దానివైపు జరిపాను.