ఆదివారం లేని దేశం

పినపాక అవతల అడవి అంచున ఉన్న ఆ గూడెంలో రెండు రకాల పండుగలు జరిగేవి. ఊరంతా కలిసి చేసుకునేవి కొన్ని, ప్రమీల ఇంట్లో మాత్రమే చేసుకునేవి కొన్ని. ఆ రెండో రకం పండుగలు టాంజానియా దేశానివి.

నవ్వొచ్చే మాటే. ఊరు కూడా కడుపునిండా నవ్వింది. ఆఫ్రికాలో ఎక్కడో ఉన్న దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజని, ఇక్కడ పత్తి తీతకు పోకుండా కోడిని కోసి, పిల్లకు కొత్త గౌను తొడిగే ఇల్లాలిని చూస్తే ఎవరికి నవ్వు రాదు? కానీ ప్రమీల మొగుడు రాంబాబు ఆ దేశంలో బోరు బండి మీద పనిచేస్తున్నాడు. పోయి అయిదో ఏడు. మధ్యలో ఒక్కసారి వచ్చి నెల ఉండి పోయాడు. ఆ దేశానికి సెలవొచ్చిన రోజునే అతని ఫోను వస్తుంది. ఫోనొచ్చిన రోజు పండుగ కాకపోతే మరేది పండుగ?

పోయిన కొత్తలోనే చెప్పాడు రాంబాబు. "సేటు ఆదివారం గూడ ఇడవడు. బండి అడవిల్నే ఉంటది, సిగ్నల్ దొరకదు. సర్కారు సెలవొస్తెనే టౌనుకొస్తం. అప్పుడు జేస్త."

సిగ్నల్ దొరకదంటే ఆ గూడెంలో అనుమానించే వాళ్లెవరు? వాళ్ల ఫోను మోగాలన్నా రోడ్డు దాకా నడిచిపోయి కల్వర్టు మీద కూర్చోవాల్సిందే. కాబట్టి రాంబాబు మాట వాళ్లకు కళ్లారా చూసినంత నిజమైంది.

ఆ సెలవులన్నీ ప్రమీలకు నోటికొచ్చు. తన పనులతో ముడేసి గుర్తుపెట్టుకుంది. ఇప్పపూలు రాలే రోజుల్లో ఈస్టరు. తునికాకు కోసేటప్పుడు మేడే. పత్తిలో కలుపు తీసేటప్పుడు సబాసబా, అంటే వాళ్ల భాషలో ఏడు ఏడు, ఏడో నెల ఏడో తారీఖు. నాట్ల కాలంలో నానేనానే, ఎనిమిదో నెల ఎనిమిది, అది రైతుల పండుగట. రంజాను ఒక్కటే ఆమెను ఏడిపించేది. నెలవంక కనిపిస్తే గానీ సెలవు ఖాయం కాదు. అందుకని ఆ సాయంత్రాలు కల్వర్టు మీద నిలబడి ఆకాశం వెతికేది. పక్కింటి పోతయ్య అటుగా పోతూ, "ఏం వదినె, ఎప్పుడు కలిసినవ్ తురకల్ల?" అని ఆటపట్టించేవాడు. ప్రమీల సిగ్గుపడేది కాదు. నెలవంక కనబడిందా అని తిరిగి అతన్నే అడిగేది.

అత్త జంపక్కకు ఈ లెక్కలేవీ పట్టవు. ఆమెకు తెలిసింది సేటు ఒక్కడే. పాల్వంచ నుంచి బోరు బండిని ఓడెక్కించి పంపిన వెంకటరామారావు అనే ఆ పెద్దమనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. చూడకపోయినా తిట్టడానికేం లోటు లేదు. "పనోనికి ఆదివారం ఇయ్యనోనికి తిన్నదెట్ల అరుగుతదే?" అని ప్రతి ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టేది. అది ఆ ఇంట్లో సుప్రభాతమే అయిపోయింది.

ఈ ఏడు సబాసబాకు కొద్దిరోజుల ముందు వీరబాబు వచ్చాడు. ఏన్కూరు వైపు పిల్లగాడు, రాంబాబు బండి మీదే పని. సెలవు మీద ఇంటికొస్తూ, రాంబాబు తన కూతురు స్పందనకు పంపిన స్కూలు బ్యాగు పట్టుకొచ్చాడు. జంపక్క చేనుకు పోయింది. పిల్ల బడికి పోయింది. ప్రమీల చాయ్ ఇచ్చి గడప దగ్గర కూర్చుంది.

"మీ సేటు మనిషేనా, వీరబాబూ? ఆదివారమన్న ఇడవకపోతే ఎట్ల?"

వీరబాబు అమాయకంగా నవ్వాడు. "అయ్యో, సేటును గట్లనకు వదినె. ఆదివారం బండి కదలనే కదలదు. అక్కడ అందరు చర్చికి పోతరు, పనోళ్లే రారు. ఆదివారమంత మేం టౌన్లనే ఉంటం."

ఆ మాట నోట్లోంచి జారాక గానీ అతనికి తెలియలేదు. ఆమె మొహం చూశాడు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ప్రతి ఆదివారమా?" అంది ప్రమీల.

"వదినె, నన్నడగకు."

"నిన్నే అడుగుత. ఇంకెవరున్నరు నాకు అడగనీకి? ఆదివారాలు ఏడ ఉంటడు?"

వీరబాబు ఇక దాచలేక ఉన్నది చెప్పాడు. టౌన్లో బస్టాండు దగ్గర ఒకామెకు చిన్న హోటల్ కొట్టు ఉంది. రాంబాబు ఆమెతోనే ఉంటున్నాడు. ఒక పిల్లగాడు కూడా. ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు.

"మరి సెలవునాడు నాకెందుకు జేస్తడు?"

"పండుగలప్పుడు ఆడ జాతర లెక్క జనం, వదినె. ఆమె పిల్లగాన్ని యీపున కట్టుకోని పొద్దుగాల్నే కొట్టుకు పోతది. రాత్రికి గాని రాదు. ఆదివారమైతే కొట్టు మూస్తది, ఇంట్లనే ఉంటది." వీరబాబు గొంతు తగ్గించాడు. "పండుగనాడే అన్న ఒక్కడుంటడు."

ప్రమీలకు వెంటనే ఏడుపు రాలేదు. కోసిన కోళ్లు గుర్తొచ్చాయి. రంజాను నెలవంక కోసం మెడ నొప్పి పుట్టేదాకా చూసిన ఆకాశం గుర్తొచ్చింది. తన పండుగలన్నీ ఇంకొకామె కొట్టు తెరిచిన రోజులు. ఆమెకు తీరిక లేని పూట తనకు మొగుడు. అంతే. వీరబాబు వెళ్లిపోయాక, గంజి వార్చబోయి పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. అత్త వచ్చేసరికి మొహం కడుక్కుంది.

సబాసబా నాడు సన్నగా వాన పడుతోంది. ప్రమీల కోడి మాట ఎత్తలేదు. జంపక్కే ఎత్తింది, కోసింది, కాల్చింది, వండింది, మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఇక తప్పేదేముంది? కూర గిన్నె పట్టుకుని ముగ్గురూ కల్వర్టు దాకా నడిచారు. కొడుక్కి వీడియోలో కూర చూపించనిదే జంపక్కకు ముద్ద దిగదు.

ఫోను మోగింది. చెప్పిన వేళకే మోగింది. రాంబాబు ఉతికిన చొక్కా వేసుకుని నవ్వుతున్నాడు. తల్లి మాట్లాడింది, కూర చూపించింది, సేటును తిట్టింది. పిల్ల బ్యాగు వీపుకు తగిలించుకుని ఇటు తిరిగి అటు తిరిగి చూపించింది. ఆఖర్న ఫోను ప్రమీల చేతికొచ్చింది.

ఇన్నేళ్లూ ఆమె అతని మొహమే చూసింది. ఇవాళ మొదటిసారి అతని వెనక చూసింది. తలుపు సందులోంచి కనిపిస్తున్న తీగ మీద ఒక చిన్న లాగు ఆరేసి ఉంది.

"తిన్నవా?" అని అడిగింది, అలవాటు కొద్దీ.

"ఇంకా లే. ఒక్కన్నే గదా, ఏదో ఇంత వండుకుంట."

ప్రమీల నడుచుకుంటూ కల్వర్టు ఆ చివరికి పోయింది.

"వీరబాబు వచ్చిండు."

"అవ్, బ్యాగు తెచ్చిండు గదా."

"తెచ్చిండు. ఆదివారం సంగతి గూడ చెప్పిండు."

రాంబాబు కదల్లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకుంది. పోతే బాగుండునని కూడా అనుకుంది. కానీ అతని రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి. వీరబాబుకేం తెలుసు, అదంతా అబద్ధం అంటాడేమోనని ఆమెకు ఏ మూలో ఇంకా చిన్న ఆశ ఉంది. ఆ ఒక్క మాట అంటే చాలు, నమ్మేసేది. పిచ్చిది, తప్పకుండా నమ్మేసేది.

"అమ్మకు చెప్పినవా?" అన్నాడు రాంబాబు.

ఆశ అక్కడితో పోయింది.

"లే."

"చెప్పకు ప్రమీలా. ముసల్ది తట్టుకోదు."

నువ్వు తట్టుకున్నావా అని అతను అడగలేదు. ఆమె వాన నీళ్లు ఫోను మీద పడుతుంటే కొంగుతో తుడిచింది.

"ఆమెకొక మాట చెప్పు," అంది.

"ఎవరికి?"

"కొట్టు ఆమెకు. పండుగ పూట కొట్టు మూసెయ్యమను. పండుగనాడు మొగన్ని ఇంట్ల ఒక్కన్ని ఇడిసి పోవద్దని చెప్పు."

రాంబాబు తల వంచుకున్నాడు. ప్రమీల ఫోను పెట్టేసింది. ఇన్నేళ్లలో ఆమె తనంతట తాను పెట్టేయడం ఇదే మొదలు.

"గంత జల్దీ పెట్టేసినవేందే?" అని అడిగింది జంపక్క.

"సిగ్నల్ పోయిందత్తా."

"గా సేటు గాడు మంచి టౌన్ల ఉంచితె ఎందుకు పోతది సిగ్నల్?"

"సేటును తిట్టకత్తా. ఆయనేం జేసిండు పాపం."

జంపక్క కోడలి వంక వింతగా చూసింది. గొడుగు తీసి పిల్ల మీద పట్టింది. "మళ్ల పండుగెన్నడు?" అంది.

"నానేనానే," అంది స్పందన, తల్లి కంటే ముందే. "వచ్చే నెల్నే, నానమ్మా."

"అయితె ఆ నల్లపెట్టను అమ్మకుంట ఉంచుండ్రి. దాన్నే కోద్దాం."

ప్రమీల కూర గిన్నె మీద మూత పెట్టింది. "అవ్ అత్తా, ఉంచుదాం," అంది.