పెరట్లో పదకొండు పత్తి చెట్లు

భాగ్యమ్మ రెండు చెట్లు పీకేసి మూడోదాని మొదలు పట్టుకుంది. పత్తి వేరు అంత తేలిగ్గా ఊడిరాదు. మడమలు నేలకు తన్నిపట్టి గుంజుతుంటే వెనకనుంచి కోడలు మంజుల గొంతు వినిపించింది.

“ఏంది అత్తమ్మా! పూత మీదున్న చెట్లను పీకుతున్నవ్? అవి నిన్నేమన్నయ్?”

“జర మెల్లగ మాట్లాడవే. పక్కింటోళ్లు వింటరు.”

“వింటే ఏమైతది? గంజాయి చెట్లా ఇవి?”

భాగ్యమ్మకు నవ్వు రాలేదు. కోళ్లగూడు పక్కన బండ మీద కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

గద్వాల చుట్టుపక్కల విత్తనపత్తి చేలల్లో ఆమె చేతికి పేరుంది. ఆడసాళ్లలో మర్నాడు విచ్చబోయే మొగ్గను ముందురోజే ఎంచి, బొటనవేలి గోటితో పొట్టు వలిచి, లోపలి పుప్పొడి తిత్తులన్నీ తీసేసి, ఎర్రకాగితం తొడగాలి. పొద్దున ఆ కాగితం తీసి, పుప్పొడి కోసం వేరే వేసిన మగసాళ్లలో కోసుకొచ్చిన పువ్వును దానికి రాసి, దారం కట్టాలి. ఒక్క తిత్తి మిగిలిపోయినా ఆ కాయ కల్తీ కిందే లెక్క. దేవరాజు చేనులో పదిమంది ఆడవాళ్లు భాగ్యమ్మ వెనక ఆ పని చేస్తారు. నిరుడు పక్క ఊరి చేను విత్తనం పరీక్షలో తప్పింది. ఎవరి గోరు తప్పిందో ఎవరికీ తెలియదు. ఈ ఏడు ఆ ఊరి ఆడవాళ్లను ఏ చేనుకూ పిలవలేదు.

చేనులోంచి ఒక్క గింజ బయటికి పోకూడదని కట్టడి. అయినా రెండేళ్ల కిందట, మంజుల నీళ్లోసుకున్నప్పుడు, పుట్టబోయే బిడ్డ దిండుకు తన చేతి పత్తే ఉండాలని ముచ్చటపడి, తాను దారం కట్టిన కాయలు రెండు కొంగున ముడేసుకొచ్చింది భాగ్యమ్మ. నిరుడు ఆ గింజలు పెరట్లో పెట్టింది. పత్తి విరగకాసింది. మనవరాలు నవ్య ఆ దిండు మీదే నిద్రపోతుంది. ఆ దిండు పత్తిలోంచి తీసిన గింజల్ని ఈ ఏడు మళ్లీ పెట్టింది. పదకొండు మొలిచాయి. ఒకటి రేకుల కప్పును తాకుతుంటే ఒకటి మోకాలు దాటలేదు. ఒకదాని ఆకు అరచెయ్యంత వెడల్పు, ఇంకొకదానిది చీరేసినట్టు సన్నం. పువ్వుల్లో కొన్ని పసుపు, కొన్ని పాలరంగు.

“చూడు మంజులా, ఒక్కటన్న ఒక్క తీరుగ ఉన్నదా? ఆ పొద్దు నా గోరే తప్పింది. లేకుంటే ఏ తేనెటీగనో కాగితం సందుల దూరింది, నేను చూసుకోలె. దేవరాజు సారు విత్తనమంత గిట్లనే ఉంటది. నా ఒక్కదాని పాపానికి పదిమంది పొయ్యిలు ఆరిపోతయ్. నిన్ననే మా జట్టుల పద్మావతికి చెప్పిన. ఇయ్యాల్టి సంది ముందల నువ్వే ఉండు, నా చెయ్యి మంచిగ లేదు అని.”

మంజుల ఇంటర్‌లో బైపీసీ చదివి పెళ్లితో ఆపేసిన మనిషి. ఆమె పుస్తకాలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. పురుగు పట్టకుండా వాటిలో వేపాకు పెట్టేది భాగ్యమ్మే.

“ఒక్క మాట చెప్పు. నిరుడు మొలిచినయ్ ఎట్ల ఉండె?”

“అవా? ఒక్కదాన్ని చూస్తే అన్నిట్నీ చూసినట్టే.”

“మరి నీ గోరు తప్పుంటే నిరుడే బయటపడాలె గద! నీ చేత్తో చేసిన గింజలు అవి. ఇవి వాటి పిల్లలు. వీటికి నీ గోరు తగల్నేలేదు.”

భాగ్యమ్మ మిగిలిన చెట్లకేసి తిరిగింది. “మరి గిట్లెందుకైనయ్?”

మంజుల లోపలికి వెళ్లి అప్పుడే లేచిన నవ్యను చంకనేసుకొచ్చింది. పసిదాని కళ్లు తేనెరంగులో మెరిశాయి. చనిపోయిన తాత బాలయ్యవీ అచ్చం ఆ కళ్లే.

“మామయ్యయి పిల్లికండ్లు. మీ కొడుకుయి?”

“నల్లయి. నా తీరు.”

“నాయి గూడ నల్లయే. మరి దీనికి ఎక్కడియి? మీ కొడుకు లోపల మామయ్య కండ్లు దాక్కొని ఉన్నయ్. నా లోపల మా తాత చెల్లెలి కండ్లు దాక్కొని ఉన్నయ్. నల్లది పక్కనుంటే పిల్లికన్ను బయటికి రాదు. దాగిన రెండూ దీంట్ల కలిసినయ్, బయటపడ్డయ్. పత్తి గూడ అంతే. ఆడసాలు ఒక జాతి, మగసాలు ఒక జాతి. వాటి పిల్లలన్నీ ఒక్క తీరే వస్తయ్. మనవలకొచ్చే సరికి దాగినయన్నీ ఒక్కొక్కటి లేస్తయ్. అందుకే గద ఏటేటా కొత్తగ మొగ్గ వలుస్తరు!”

భాగ్యమ్మ మనవరాలిని ఒళ్లోకి తీసుకుని ఆ కళ్లలోకి చాలాసేపు చూసింది. పది రోజులుగా గుండె మీదున్న బండ పక్కకు దొర్లినట్టయింది.

“తేనెటీగలేమన్న చేసినయేమో అనుకున్న.”

“పెరట్ల అవి తిరుగుతయ్, తిరగాలె. లేకుంటే మన బీరపాదుకు ఒక్క కాయన్న పడ్తదా? వాటికి తేనె, పాదుకు కాయ. చేన్ల నువ్వు చేసే పనే అవి చేస్తయ్, కూలి అడగకుంట.”

“ఈ ముచ్చట ముందే చెప్తే ఆ రెండు చెట్లు బతుకుతుండె గదనే!”

“నువ్వు అడిగినవా? పది దినాల సంది సగం బువ్వకే లేస్తుంటివి. కూరల ఉప్పు ఎక్కువేస్తున్ననేమో అని నేను పరేషాన్ అయిన.”

అప్పుడు నవ్వింది భాగ్యమ్మ. కళ్లు తుడుచుకుంటూ, ఆగి ఆగి నవ్వింది. చేనుకు తీసుకెళ్లే ట్రాలీ ఆటో హారన్ వినబడగానే టిఫిన్ గిన్నె అందుకుని పరుగెత్తింది.

“నిన్ననే గద్దె దిగితివి, మళ్ల ఎక్కుతున్నవా?” అంది పద్మావతి. ఆటోలో అందరూ గొల్లుమన్నారు.

“నీ గోర్లు చూసి భయమైంది పోరి. జరగు!”

చేనుకు చేరగానే ఆమె నేరుగా దేవరాజు దగ్గరికి వెళ్లి రెండు కాయల సంగతి చెప్పేసింది. ఆయన మొహం మాడింది.

“కొంగున ముడేసుకొని పోయినవా? నువ్వా, భాగ్యమ్మా?”

“తప్పే సారూ. మళ్ల చెయ్య.”

దేవరాజు కాసేపు గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. ఉన్నట్టుండి ఆగి గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ గింజలు మొలిస్తే ఎట్ల ఉండె? నిజం చెప్పు.”

“అన్నీ ఒక్క తీరే సారూ. నా మనవరాలి తోడు.”

“పరీక్షోళ్లు నాటి చూసేది గూడ గదే గద!” పెద్దగా ఊపిరి వదిలాడు దేవరాజు. “పక్క ఊరోళ్ల సంగతి ఇన్న సంది నాకు కంటి మీద కునుకు లేదు. పో, పో. ఎండ ఎక్కకముందే మగపూలు కొయ్యి.”

భాగ్యమ్మ మగసాళ్లలోకి దిగింది. మొదటి పువ్వులో ఒక తేనెటీగ తల దూర్చి ఉంది. అది పని ముగించుకుని ఎగిరేదాకా ఆగి, ఆ పువ్వు కోసి బుట్టలో వేసుకుంది.