పదిహేడో ఎక్కం

పక్కింటి మాస్టారు బడిలో లెక్కలు చెప్పేవారు. దేవుణ్ణి నమ్మరు. నేను ఆదివారం చర్చి మాననని నన్ను "పాస్టరుగారూ" అని ఏడిపించేవారు. "తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురూ కలిసి ఒక్కరా? మీ దేవుణ్ణి నా దగ్గర ట్యూషన్‌లో చేర్పించండి!" అనేవారు. అయినా నా భార్య పోయిన రోజు ఆరాధన ముగిసేదాకా చర్చిలో వెనక నిలబడి, నా తడిసిన గొడుగు పట్టుకున్నది ఆయనే.

ఈమధ్య పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది. లేచి తిరుగుతున్నారు, చెప్పింది అర్థమవుతోంది, నోరు మాత్రం పెగలదు. నెలాఖరులోగా పాఠం చెప్పలేకపోతే ఇంకొకరిని తీసుకుంటామని బడినుంచి కబురొచ్చింది.

మాట రానివాళ్లకి ఒక్కోసారి పాట వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఇంకేం, నాకు సందు దొరికింది. రోజూ సాయంత్రం వెళ్లి ఆయన పక్కన కూర్చుని కీర్తనలు అందుకున్నాను. ఆయన గోడవైపు తిరిగేవారు. అలసట కాబోలనుకున్నాను.

ఆరో రోజు ఆయన భార్య నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ. మాట పోయిన మనిషి వద్దని కూడా అనలేడు కదా."

తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి ప్రభువు ముందు చాలాసేపు సిగ్గుపడ్డాను. మర్నాడు మాస్టారికెదురుగా కూర్చున్నాను.

"క్షమించండి మాస్టారూ. నా పాటలు నా ఇంట్లో పాడుకుంటాను. మీకేం కావాలో చెప్పండి."

ఆయన తేరిపార చూసి, పలక అందుకుని, ఎడమచేత్తో వంకరగా రాశారు: 17.

పదిహేడో ఎక్కం పాడమని! ఎక్కాలంటే బల్ల కింద దూరినవాణ్ణి. అయినా చిన్నప్పటి రాగమే తీశాను. "పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్లు ముప్పై నాలుగు..." ఆయన వేళ్లు తాళం వేశాయి. ఆరుదాకా బండి నడిచింది.

"పదిహేడు ఏడులు నూట... ఇరవై ఒకటి."

"త... తప్పు!"

వంటింట్లో గిన్నె జారిపడింది.

"నూట... పందొమ్మిది! మీ... మీ బుర్ర!"

ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అన్నయ్యగారూ, మీ దేవుడికి నా తరఫున..." అని ఆగిపోయింది. ఇదే అదను, ఒక బైబిలు వాక్యం చెప్పేయమంది నా నాలుక. కరుచుకున్నాను. "తప్పకుండా చెబుతానమ్మా" అన్నాను.

తర్వాత రెండు వారాలూ నేను కావాలని తప్పులు చెప్పనక్కర్లేకపోయింది. నాకున్నవే సరిపోయాయి.

నెలాఖరున తొమ్మిదో తరగతి గది. వెనక బల్లమీద హెడ్మాస్టరు, కిటికీ బయట నేను. మాస్టారు సుద్దముక్క తీసుకున్నారు. "ఇవాళ మన పాఠం... స... సమీ..." మాట చిక్కుకుంది. పిల్లలు బిగుసుకుపోయారు. హెడ్మాస్టరు తల దించుకున్నారు. మాస్టారు కళ్లు మూసుకుని, వేళ్లతో బల్లమీద తాళం వేసి, ఎక్కం చదివినట్టు సాగదీశారు:

"స-మీ-క-ర-ణం!"

"సమీకరణం!" తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది. ఎవరూ అడగలేదు, వాళ్లకే తోచింది. ఆ ఊపులో ఆయన మొదటి లెక్క బోర్డుమీదికి ఎక్కించేశారు. హెడ్మాస్టరు లేచి వెళ్లి హాజరుపట్టీ తిరిగి మాస్టారి చేతిలో పెట్టారు.

వరండాలో నేనొక్కణ్ణే చప్పట్లు కొడుతున్నాను. అటెండరు "ష్" అన్నాడు. నేను ఆపలేదు.